ఎక్కములా, ఎఱుకయా?



దీపము పెట్టిన పిమ్మట పిల్లలను అరుగుమీద కూర్చుండబెట్టి ఎక్కములు వల్లె వేయించుట మన యిండ్లలో నొకప్పుడు నిత్యకృత్యము. ఇప్పుడా ధ్వని తగ్గినది. తాతలు "ఇరువదవ ఎక్కము రాని బిడ్డకు లెక్క లెక్కడివి?" అని బడిపంతుళ్లను నిలదీయుచున్నారు. పంతుళ్లు "అర్థము తెలియని ఎక్కము చిలుకపలుకు గదా!" అని బదులు చెప్పుచున్నారు. నడుమ తల్లులకు దిక్కు తోచకున్నది. "మా బిడ్డను ఎవరి మాట చొప్పున చదివింపవలెను?" అని నన్నడుగువారు పెక్కండ్రు. పంతులుగారి యింట కాపురము చేయుదానను గనుక ఉభయపక్షముల వాదములును వంటయింటిలో నుండియే నా చెవిని బడుచుండును. వానిని మీ ముందుంచి, నాకు తోచిన మాట చెప్పెదను.

ముందుగా తాతల పక్షము విందము. వారి కాలపు చదువు నూరక పరిహసించుట తగదు. నాటి కొలతలు ఊరూర కొంత భేదించినను, పెక్కుచోట్ల కుంచమునకు రెండు అడ్డలు, అడ్డకు రెండు మానికలు, మానికకు రెండు తవ్వలు, తవ్వకు రెండు సోలలు, సోలకు నాలుగు గిద్దెలు. అనగా కుంచమునకు 16 సోలలు, 64 గిద్దెలు. రూపాయకును 16 అణాలు, 64 పైసలు. కుంచెడు గింజలు రూపాయ యైనచో సోలెడు అణా, గిద్దెడు పైస. ఆ ధర చెప్పుటకు పలకతో పని లేదు. వంటయింటి కొలతయు సంతలోని నాణెమును ఒక్క తాళమున నడచుచుండుటచే, బియ్యము కొలుచు ఇల్లాలు సగము, అందు సగము, మరల అందు సగము అని భిన్నగణితమును చేతితోనే నేర్చినది. వీసము, పరక, కాలు, అర, ముక్కాలు అను మాటలు నోటనున్న బాలుడు అంగడిలో మోసపోవుట యరుదు.

మా సీమలో దీనికి తోడు మఱియొక చిక్కుండెడిది. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చువఱకు ఖమ్మము, బూర్గంపాడు నిజాము రాజ్యములోనివి, భద్రాచలము చెన్నరాజధానిలోనిది. గోదావరి కీవల హాలీ సిక్కా రూపాయ, ఆవల బ్రిటిషు రూపాయ. 100 బ్రిటిషు రూపాయలకు హాలీలో 116 రూపాయల 10 అణాల 8 పైలు అధికారిక మారకము. పామరులకు తెలియు మాటలలో నైదున్నర చెప్పనేల? ఆఱు బ్రిటిషు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు. శ్రీరామనవమికి పడవ యెక్కి నది దాటు నిరక్షరాస్యయైన అవ్వ కూడ ఈ ఏడాఱుల లెక్క మనసులో నుంచుకొనవలసినదే. ఆమెకు త్రైరాశికమను పేరు తెలియదు. త్రైరాశికము తెలియును.

1957 ఏప్రిల్ 1న రూపాయకు నూఱు నయా పైసలు వచ్చినవి. తరువాతి యేండ్లలో కుంచములు, వీశెలు పోయి లీటర్లు, కిలోలు వచ్చినవి. దానితో వీసపు లెక్కలు, పరక లెక్కలు బడినుండి సెలవు తీసికొన్నవి. దీనిని చదువు చెడుటగా నెంచరాదు. వానితో కొలువవలసిన వస్తువులే లేకుండ పోయినవి. బ్రతుకు మాఱినప్పుడెల్ల కంఠస్థము చేయవలసిన దానిలో కొంత మాఱక తప్పదు. తాతలు మఱచుచున్న సంగతి యిది.

ఇంకొక సంగతియు కలదు. నాటి వీథిబడిలో ఎక్కములు ఒప్పజెప్పిన వారిని మనము తలచుకొనుచున్నాము గాని, ఒప్పజెప్పలేక కోదండము వ్రేలి, గోడకుర్చీ వేసి, చదువు మానివేసిన వారి లెక్క యెవరును వ్రాసి పెట్టలేదు. ఆడపిల్లలలో నధికసంఖ్యాకులు ఆ బడి గడపయే త్రొక్కలేదు. ఆ పద్ధతి మంచిదని సాక్ష్యము చెప్పుచున్నవారు అందు నెగ్గినవారే గదా!

పూర్వగ్రంథములు చదువుకొన్న నాకు మఱియొక యాశ్చర్యము. ప్రాచీనత పేర వల్లెవేతను సమర్థించువారు ప్రాచీనుల గణితగ్రంథములను విప్పి చూచినట్లు కనబడదు. 9వ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును 11వ శతాబ్దమున పావులూరి మల్లన తెనిగించెను. మనకు తెలిసిన తెలుగు గణితగ్రంథములలో నదియే మొదటిది. మల్లన మూలమును మక్కికి మక్కి దింపలేదు; కొన్నిటిని విడిచి, కొన్ని లెక్కలను తాను కూర్చి, తన పాఠకులకు తగినట్లు మలచుకొనెను. లెక్క యెవరికి చెప్పుచున్నామో వారి లోకములోనిదై యుండవలెనను నీతి వేయేండ్ల క్రిందటనే మన భాషలో నున్నదన్నమాట. ఇక 12వ శతాబ్దపు భాస్కరాచార్యుని లీలావతిలో పలు ప్రశ్నలు ఒక బాలికను పిలిచి యడిగినట్లే యుండును. లీలావతి యాయన కూతురనునది లోకవదంతి. నిజ మెట్లున్నను, గణితశాస్త్రము నడుగదగినది ఆడపిల్లయని ఆ గ్రంథము తలచుట మనము గమనింపవలసినది. తేనెటీగలు, నెమళ్లు, చెఱువులోని తామరలు ఆ లెక్కలలో కనబడును. వానిని ఊహింపనిదే లెక్క తెగదు.

ఇక పంతుళ్ల పక్షము. 2005వ సంవత్సరపు జాతీయ విద్యాప్రణాళిక, లెక్కలు చేయించుటకంటె పిల్లల యాలోచననే గణితమార్గమున పెట్టుట ముఖ్యమనియు, గణితభయమును తొలగింపవలెననియు చెప్పినది. 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము తొలి తరగతులలో చదువుట, వ్రాయుట, లెక్కించుట అన్నిటికంటె ముందని నిర్ణయించినది. 2021లో "నిపుణ్ భారత్", 2022లో మన తెలంగాణమున "తొలిమెట్టు" ఆ యుద్దేశముతోనే వచ్చినవి. పుల్లలు, గింజలు, పూసలు, బొమ్మనోట్లు బడిలో ప్రవేశించినవి. పిల్లలకు బడియం దుత్సాహము పెరిగినది. అది చిన్న లాభము కాదు.

అయినను ఫలము చూడుడు. 2024లో దేశపు పల్లెలలో "అసర్" వారు జరిపిన పరిశీలనలో, 5వ తరగతి పిల్లలలో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగింపగలిగినవారు నూటికి సుమారు 31 మంది మాత్రమే. అనగా ఆటయు చాలలేదు, అంతకుముందు పాటయు చాలలేదు.

ఈ త్రాసు ఊగుట మనదేశమునకే పరిమితము కాదు. 1957లో రష్యావారు ఆకాశమునకు ఉపగ్రహమును పంపిన పిమ్మట అమెరికావారు ఉలికిపడి, చిన్న తరగతులలోనే సమితులు మొదలగు క్రొత్త గణితమును ప్రవేశపెట్టిరి. తల్లిదండ్రులకు పిల్లల పుస్తకములు తెలియకుండ పోయినవి. పదునైదేండ్లు తిరుగకముందే మరల కూడికలు, తీసివేతలు మొదటినుండి యన్నారు. ఇంగ్లండులో 2022 నుండి ఎనిమిది, తొమ్మిదేండ్ల పిల్లలందఱికి పండ్రెండవ ఎక్కము వఱకు 25 ప్రశ్నల పరీక్ష పెట్టుచున్నారు. ఒక్కొక్క ప్రశ్నకు ఆఱు సెకనులు గడువు. ఎక్కములను మనము విడిచినామని విచారించునంతలో వారు పట్టుకొనుచున్నారు.

ఇంతకు లోప మెక్కడ? మా యడవి యంచున జరిగిన దొకటి చెప్పెదను.

వేసవిలో ఏప్రిల్, మే మాసములందు ఇక్కడ తునికాకు కోత. బడులకు సెలవులు గనుక పిల్లలును తల్లులవెంట అడవికి పోవుదురు. కట్టకు 50 ఆకులు. వేయి కట్టలు ఒక ప్రమాణపు బస్తా. ఆకు కోసి, కట్ట కట్టి, కల్లమునకు చేర్చి, లెక్క యప్పజెప్పవలెను. మా యింటికి ఇప్పపువ్వు తెచ్చు కోయ యిల్లాలి కూతురు ఐదవ తరగతి చదువుచున్నది. ఒకనాడా బిడ్డను "ముప్పదియేడు కట్టలలో ఆకులెన్నే?" అని యడిగితిని. రెప్పపాటులో "పద్దెనిమిది నూర్ల యాభై" అన్నది. ఎట్లు చేసితివనగా, "రెండు కట్టలంటే నూరు గదమ్మా. పద్దెనిమిది జతలు, ఒక కట్ట మిగిలె" అన్నది. ఎంత చక్కని దారి!

అదే లెక్కను పలకమీద 37 గుణింపుము 50 అని వ్రాసి యిచ్చితిని. బిడ్డ మొగము మాఱినది. ఐదవ ఎక్కము తడుముకొని తడుముకొని, సున్న విడిచి 185 అని వేసినది. తప్పని చెప్పక, "ఈ 185 ఆకులు ఎన్ని కట్టలగునే?" అంటిని. క్షణకాలము పలకవంక చూచి పకపక నవ్వి, "ఇవి నాలుగు కట్టలు గూడ కావమ్మా!" అని తానే తుడిచివేసినది. అంతకుముందు చెప్పిన జవాబునకును ఈ పలకకును ఏమైన సంబంధమున్నదని అప్పటివఱకు ఆమెకు తోచలేదు. "నోటి లెక్క వేరు, బడి లెక్క వేరు. మా తీరున రాస్తే తప్పంటారు" అని మెల్లగా చెప్పినది.

ఇది యొక్క బిడ్డ మాట కాదు. నోబెలు బహుమానము పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో గార్లును వారి సహచరులును కలకత్తా, ఢిల్లీ బజారులలో కూరలు మున్నగునవి అమ్ము పిల్లలను పరీక్షించి 2025లో ప్రకటించిన పరిశోధన యిట్లే చెప్పుచున్నది. బేరములో ఎంతటి లెక్కనైనను మనసులో తేల్చు బిడ్డలు, దానినే బడిభాషలో కాగితముపై నుంచగా తడబడిరి. బడిపిల్లలు కాగితపు లెక్క చేసి, బజారు లెక్కలో తడబడిరి. ఇరువురి కడను సగము సగము విద్య యున్నది. ఆ రెండు సగములను కలుపు వారధియే లేదు.

మా వైపు ఆ వారధికి భాషయను గండి కూడ నున్నది. కోయ బిడ్డకు ఇంట కోయమాట, పంతులు నోట తెలుగు, పుస్తకమున ఆంగ్లము. 2014లో సరిహద్దు మాఱినది మొదలు భద్రాచలము తెలంగాణమున, ప్రక్కనున్న ఎటపాక ఆంధ్రప్రదేశమున నున్నవి. 2020 నుండి ఆ రాష్ట్రమునను, 2022 నుండి ఈ రాష్ట్రమునను ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఆంగ్లముగా పాఠ్యపుస్తకములు వచ్చినవి. ఆంగ్లము వలదని నేననను. ఆ ద్వారము మూసికొన్న నష్టపోవునది పేదబిడ్డయే. కాని లెక్కకు తొలి పాదు ఏ భాషలో వేయవలెనను విచారము మాత్రము తప్పదు. తెలుగున పదమూడన్నచో పదియు మూడును వినబడుచునే యున్నవి. ఇరువదిలో ఇరు రెండు, ముప్పదిలో ము మూడు, నలువదిలో నలు నాలుగు. సంఖ్య పేరే సంఖ్య పొందికను చెప్పుచున్నది. ఆంగ్లపు "ఎలెవెన్", "ట్వెల్వ్" అట్లు చెప్పవు. "థర్టీన్", "థర్టీ" అనునవి పసివాని చెవికి ఒకటే. తెలుగైనను కోయ బిడ్డకు పరభాషయే. "చొప్పున", "శేషము", "ఎంత తక్కువ" అను మాటలు తెలియక నిలిచిపోయిన బిడ్డను లెక్క రాని మొద్దనుట యన్యాయము. 2004లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిది గిరిజన భాషలలో తొలి తరగతుల వాచకములు తెలుగు లిపిలో వేయించి బడులలో పెట్టినది. కోయ వానిలో నొకటి. మాతృభాషలో మొదలిడి తెలుగునకు, పిదప ఆంగ్లమునకు నడిపించుట ఆ యుద్దేశము. ఆ తలంపు సరియైనదని నా దృఢవిశ్వాసము.

కావున తాతలకును పంతుళ్లకును నేను చేయు విన్నప మొకటే. ఎక్కములు మన వంటయింటి పోపులపెట్టె వంటివి. వంట మొదలిడిన పిమ్మట ఆవాలకై అంగడికి పరుగెత్తు ఇల్లాలి కూర మాడిపోవును. ఏడైదులు ఎంత యని ప్రతిసారి వ్రేళ్లు మడుచు బిడ్డ భాగహారము నడుమ దారి తప్పును. పెట్టె చేతి కందుబాటులో నుండవలసినదే. కాని పోపులపెట్టె నెదుట పెట్టుకొన్నంతమాత్రమున ఆకలి తీరదు. రెండు పక్షములవారును మఱచుచున్న మూడవ దొకటి కలదు. అది బిడ్డనోట దారి చెప్పించుట. "ఎంత?" అని యడుగువారే గాని "ఎట్లు చేసితివి?" అని యడుగువారు బడిలోను కొరవడినారు, ఇంటను కొరవడినారు.

ఈ ప్రశ్న యడుగుటకు తల్లికి గణితము రానక్కఱలేదు. అది దీని గొప్పతనము. జవాబు తప్పైనపుడే కాక, ఒప్పైనపుడును అడుగుడు. లేనిచో ఆ ప్రశ్నయే తప్పునకు గుర్తని బిడ్డ భయపడును. ఇంటిభాషలోనే చెప్పనిండు. పుస్తకములోని దారి కాక వేఱు దారి త్రొక్కినచో కొట్టివేయకుడు. రెండు దారులును ఒక్కచోటికే చేరినవేమో కలిసి చూడుడు. లెక్క మొదలిడకముందే "సుమారెంత కావచ్చును?" అని యడుగుడు. ఈ యలవాటున్న బిడ్డకు తన తప్పు తానే కనబడును. ఎక్కములు పదవదాని వఱకు వచ్చుట యవసరము. గింజలు వరుసలుగా పేర్చి ఒక్కొక్క ఎక్కమును ముందు కంటికి చూపుడు. పిదప వల్లె వేయింపుడు. దినమునకు పావుగంట చాలును, బెత్తముతో పని లేదు.

"చేత ఫోనుండగా ఈ శ్రమ యేల?" అను సోదరీమణులు కొందఱున్నారు. ఫోను మనము నొక్కిన అంకెలకే జవాబు చెప్పును. సున్న విడిచి నొక్కినచో నదియు నిశ్చింతగా 185 అనును. ఇవి నాలుగు కట్టలు గూడ కావని నవ్వుట దానికి రాదు.

చివరిమాట ఆడపిల్లలను గూర్చి. కొట్టునకు పంపవలసివచ్చిన కొడుకును, కొలిచి వండవలసివచ్చిన కూతురును పిలుచుట మన యలవాటు. డబ్బు మగపిల్లవాని చేతిలో ఆడును గనుక లెక్క వానికి వచ్చును; రానప్పుడు "ఆడుదానికి లెక్కలేల?" అని మనమే సర్దుకొందుము. ఆ సర్దుబాటు ఫలము పిదప కనబడును. సంతలో త్రాసు ముల్లు చూడలేక, సంఘపు పొదుపు పుస్తకమున వడ్డీ తేల్చుకొనలేక, కల్లమున వ్రాసిన కట్టల సంఖ్య సరియో కాదో యడుగలేక తలవంచు స్త్రీలలో పెక్కండ్రు బుద్ధి లేనివారు కారు. ఆ బుద్ధి కాగితముపైకి రాగలదని వారికెవ్వరును చెప్పలేదు. ఈ నెలనుండి అంగడికి కూతురిని పంపుడు. చిల్లర ఆమెచేతనే లెక్కింపింపుడు.

వచ్చు మాసము వఱకు మీ పిల్లలతో చేయించుటకు ఒక చిన్న లెక్క నిచ్చుచున్నాను. పూర్వము బూర్గంపాడు వైపునుండి భద్రాద్రి కళ్యాణమునకు బయలుదేరిన యొక కుటుంబము కడ 84 హాలీ రూపాయలున్నవి. ఏడింటికి ఆఱు చొప్పున మార్చుకొన్న బ్రిటిషు రూపాయలెన్ని? తిరుగుప్రయాణమున 30 బ్రిటిషు రూపాయలు మిగిలినచో, ఇంటికి చేరునప్పటికి హాలీలో ఎన్ని? జవాబులు నేను వ్రాయను. మీ బిడ్డ యేమి చెప్పినను, ఎట్లు చేసినదో యడిగి, చెప్పునంతసేపు చేతిపని ప్రక్కనుంచి వినుడు.